మనుషుల్లేని కొండల ఫోటోలు



కొంచెం పొడుగు పోస్టు ఇది, తీరిక చూసుకుని చదవండి. ఈసారి రాసేది మన గుట్టల గురించి కాదు, అమెరికాలోని మూడు కొండప్రాంతాల గురించి. హాస్టల్లో మా గదిలో ఉండేది నలుగురం. గోండు, కొలాం, కోయ పిల్లలం. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. సెమినార్ పేపర్ కోసం పాత ఫోటోల చరిత్ర చదవడం మొదలుపెట్టాం. పేపర్ ఇచ్చేశాక కూడా చదవడం ఆపలేకపోయాం. ఎందుకంటే ఆ ఫోటోల్లో పెద్ద తిరకాసు ఉంది.

1860, 70లలో కెమెరా మోసుకుని కొండలెక్కిన ఫోటోగ్రాఫర్లు తీసిన బొమ్మలు చూసి అక్కడి తెల్లవాళ్లు దేవుణ్ణి చూసినంత సంబరపడ్డారు. చర్చిలో ప్రసంగాలు చేశారు, కవితలు రాశారు, తర్వాత్తర్వాత యాత్రలు కూడా కట్టారు. అదే కొండల్లో అంతకుముందు ఎన్నో తరాలు బతికి, ఆ కొండలకే మొక్కిన ఆదివాసులు మాత్రం ఆ ఫోటోల్లో దాదాపు కనిపించరు. కొండ పవిత్రం అయింది, కొండవాళ్లు మాయమయ్యారు. ఒకే ఫోటోలో ఈ రెండూ ఎట్లా జరిగాయి?

ముందు ఆ రోజుల్లో ఫోటో ఎలా తీసేవారో తెలియాలి. ఇది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. ఇప్పట్లా ఫోన్ తీసి నొక్కడం కాదు. ఒక గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం సమంగా పూయాలి. దాన్ని వెండి ఉప్పు కలిపిన నీళ్లలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీయాలి, వెంటనే చీకటి గుడారంలోకి తీసుకుపోయి కడగాలి. అంతా పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి, లేదంటే పలక పాడైనట్టే. పెద్ద ఫోటో కావాలంటే అంత పెద్ద పలకే వాడాలి, ఎందుకంటే చిన్న నెగెటివ్ నుంచి పెద్ద ప్రింటు తీయడం అప్పట్లో సరిగా కుదిరేది కాదు. అంటే కెమెరా, గాజు పలకలు, మందుల సీసాలు, గుడారం, కడగడానికి నీళ్లు, అన్నీ కంచరగాడిదల మీద వేసుకుని కొండెక్కాలి.

ఆ పలకకు ఒక గుణం ఉంది. నీలం రంగు వెలుతురును అది మరీ ఎక్కువగా పట్టుకుంటుంది. అందుకే ఆకాశం ఎంత నీలంగా ఉన్నా, మబ్బులు ఎన్ని ఉన్నా, ఫోటోలో తెల్లగా, బోసిగా వచ్చేది. పైగా పలకకు వెలుతురు చాలాసేపు తగలాలి. అంతసేపట్లో పారే నీళ్లు పాల నురగలా మారిపోతాయి. కదిలే మనిషి, కదిలే గొడ్డు మసకబారి పోతాయి, లేదా అసలే రావు. రాయి మాత్రం స్పష్టంగా వస్తుంది. తెల్లటి ఆకాశం, పాల లాంటి నీళ్లు, కదలని కొండ, చుట్టూ మనిషి అలికిడి లేదు. చర్చిలో సృష్టి కథ విని పెరిగినవాళ్లకు ఆ బొమ్మ చూస్తే ఏం గుర్తొస్తుంది? దేవుడు లోకాన్ని చేసిన మొదటి రోజులు. ఏదెను తోట. ఆ ప్రశాంతతలో సగం కొండది, మిగతా సగం వెండి ఉప్పుది అని మేమనుకుంటున్నాం. ఆ కాలం జనం మాత్రం మొత్తం దేవుడి ఖాతాలోనే వేశారు.

ఇక మొదటి చోటు, కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయ. కంప్యూటర్ ల్యాబులో ఆపిల్ కంప్యూటర్ చూసినవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లలో ఒకదానికి యోసెమిటీ అని, తర్వాతదానికి ఎల్ కాపిటాన్ అని పెట్టారు. రెండోది ఆ లోయలోని పెద్ద కొండ పేరు. ఆ కొండకు అంతకన్నా పాత పేరు ఉంది, తుతొకనూలా.

లోయలో ఉన్నవాళ్లు ఆ చోటును అహ్వాహ్నీ అనేవారు, తమను అహ్వాహ్నీచీ అనుకునేవారు. ఓక్ చెట్ల గింజలు, అకార్న్ అంటారు, ఏరి, ఎండబెట్టి, గాదెల్లో దాచుకుని, దంచి, చేదు పోయేదాకా నీళ్లు పోసి వడగట్టి వండుకునేవారు. మన దగ్గర ఇప్పపువ్వు ఏరి ఎండబెట్టి దాచుకున్నట్టే అనుకోండి. 1848 తర్వాత బంగారం కోసం తెల్లవాళ్లు గుంపులుగా కాలిఫోర్నియా మీద పడ్డారు. గొడవలు మొదలయ్యాయి. 1851 మార్చిలో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం లోయలోకి దిగింది. ఊళ్లు తగలబెట్టింది, దాచుకున్న అకార్న్ గింజలు కూడా తగలబెట్టింది. తిండి కాలిస్తే మనుషులు వాళ్లంతట వాళ్లే దిగివస్తారని లెక్క.

ఆ దళంలో లఫాయెట్ బన్నెల్ అని ఒకాయన ఉన్నాడు. లోయకు యోసెమిటీ అని పేరు పెట్టాలన్నది ఆయనే. ఆ మాటకు చుట్టుపక్కల మీవోక్ భాషలో అర్థం 'వాళ్లు చంపేవాళ్లు' అని ఇప్పటి భాషా పండితులు చెప్తారు. అంటే పక్కవాళ్లు భయంతో పిలిచిన పేరే ఇప్పుడు లోకమంతా తిరుగుతోంది. బన్నెల్ తర్వాత ఒక పుస్తకం రాశాడు, 1880లో అచ్చయింది. అందులో తనే రాసుకున్న సంగతి ఒకటి ఉంది. అహ్వాహ్నీచీల పెద్ద తెనాయాను పట్టుకుని తీసుకుపోతుండగా ఒక చెరువు దగ్గర, దీనికి నీ పేరే పెడుతున్నాం అని బన్నెల్ ఆయనకు గొప్పగా చెప్పాడు. దీనికి ముందే పేరుంది కదా, పైవీయాక్ అని, అన్నాడట ఆ పెద్దాయన. మెరిసే రాళ్లని ఆ పేరుకు అర్థం. బన్నెల్ వినలేదు. ఆ చెరువు ఇప్పటికీ తెనాయా చెరువే. మనిషిని నేల మీంచి తోసేసి, అదే నేలకు అతని పేరు పెట్టి గౌరవం అనుకోవడం! మేము ఈ ముక్క చదివిన రాత్రి చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఇంకొకటి. లోయలో పక్కపక్కనే మూడు శిఖరాలున్నాయి. వాటిని త్రీ బ్రదర్స్ అంటారు, ముగ్గురన్నదమ్ములు. ఆ పేరు ఎట్లా వచ్చిందంటే, 1851లోనే ఆ కొండ కింద తెనాయా ముగ్గురు కొడుకులు దళానికి దొరికారు. అందుకని ఆ పేరు పెట్టారు. ఆ ముగ్గురిలో చిన్నవాణ్ణి తర్వాత కాల్చి చంపారు, తప్పించుకోబోయాడని.

పదేళ్లయింది. 1861లో కార్ల్‌టన్ వాట్కిన్స్ అనే ఫోటోగ్రాఫర్ శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఆ లోయకు వెళ్లాడు. 18 అంగుళాలు, 22 అంగుళాల గాజు పలకలు పట్టే కెమెరా చేయించుకున్నాడు. మామత్ ప్లేట్లనేవాళ్లు వాటిని. సుమారు 30 పెద్ద పలకలు, వందదాకా చిన్న జంట బొమ్మలు తీసుకొచ్చాడు. ఆ పెద్ద బొమ్మలు చూస్తే నిజం చెప్పాలంటే మాకూ ఊపిరి ఆగింది. అంత బాగుంటాయి. అబద్ధం చెప్పి ఏం లాభం. చెట్టు ఆకులు లెక్కపెట్టొచ్చు, చెరువులో కొండ నీడ తలకిందులుగా అద్దంలో లాగ ఉంటుంది.

ఈ బొమ్మలకు చూసేవాళ్లను ముందే తయారు చేసిపెట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. థామస్ స్టార్ కింగ్, శాన్‌ఫ్రాన్సిస్కోలో చర్చి బోధకుడు. 1860లో ఆయన యోసెమిటీ చూసొచ్చి బోస్టన్ పత్రికకు వరసగా ఉత్తరాలు రాశాడు, ఆ లోయ మీదే చర్చిలో ప్రసంగం చేశాడు. కొండ అంటే దేవుడు రాసిన పుస్తకం అన్నట్టు మాట్లాడేవారు ఆ కాలంలో చాలామంది బోధకులు, కవులు. లోయలోని రాళ్లకు కెథడ్రల్ రాక్స్, కెథడ్రల్ స్పైర్స్ అని పేర్లు వచ్చాయి, అంటే పెద్ద చర్చి రాళ్లు, చర్చి గోపురాలు. అవే రాళ్లకు స్థానికులు పిలిచే పేరుకు అకార్న్ గింజలు దాచుకునే గాదెతో సంబంధం ఉందని అప్పటి తెల్లవాళ్లే రాసిపెట్టారు. మాకైతే గాదె పేరే నచ్చింది. తిండి పెట్టేది ఏదైనా మనకు కూడా దేవుడే కదా. పంట ఇంటికొస్తే ముందు పెన్‌కు పెట్టకుండా మనం తింటామా? గాదె అంటే పవిత్రం కాదని, గోపురం అంటేనే పవిత్రమని ఎవరు తేల్చారు?

వాట్కిన్స్ ఫోటోల కింద రాసిన పేర్లు ఇంకా విచిత్రం. 'పొంపొంపసోస్, త్రీ బ్రదర్స్' అని ఉంటుంది. 'పివ్యాక్, వెర్నల్ జలపాతం' అని ఉంటుంది. 'తుతొకనూలా, ఎల్ కాపిటాన్' అని ఉంటుంది. అంటే ఆదివాసుల పేర్లు ఉంచారు, పైగా పక్కన ఎత్తు ఇన్ని అడుగులని లెక్క కూడా. ఆ పేర్లు పెట్టి పిలిచిన మనుషులే బొమ్మలో లేరు. కొనుక్కునే వాడికి పేరు వింతగా, పురాణంలా వినిపిస్తుంది. ఎప్పుడో పోయినవాళ్ల గుర్తు అనుకుంటాడు. వాళ్లు పోలేదు. తరిమితే పోయి, మళ్లీ తిరిగొచ్చి అదే లోయలో బతుకుతూనే ఉన్నారు. 1872లో మైబ్రిడ్జ్ అనే ఇంకో ఫోటోగ్రాఫర్ అక్కడి ఆదివాసుల ఫోటోలు కూడా తీశాడు. కానీ గోడకు వేలాడదీసుకునే పెద్ద బొమ్మల్లోకి, దేవుడి బొమ్మలనిపించుకున్నవాటిలోకి వాళ్లు రాలేదు. చిన్న సైజు వింత బొమ్మల్లోకి వచ్చారు. అదే మైబ్రిడ్జ్ ఆకాశం బోసిగా ఉందని వేరే నెగెటివ్‌ల నుంచి మబ్బులు తెచ్చి అతికించేవాడు. లేని మబ్బులు పెట్టడానికి ఓపిక ఉంది చూడండి.

వాట్కిన్స్ బొమ్మలు 1862లో న్యూయార్క్‌లో ప్రదర్శించారు. 1864 జూన్ 30న లింకన్ సంతకంతో లోయను కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించే చట్టం వచ్చింది. ప్రజల వాడకం కోసం, విహారం కోసం, ఎప్పటికీ అమ్మకుండా ఉంచాలని అందులో ఉంది. ఆ బిల్లు పెట్టిన సెనేటర్ కానెస్ దగ్గర వాట్కిన్స్ ఫోటోలుండేవి. ఫోటోలు ఆ చట్టానికి బలమిచ్చాయని చరిత్రకారులు చెప్తారు. దాన్ని తప్పు అనలేం, చెట్లు మిగిలాయి, కొండ మిగిలింది. కానీ 'ప్రజలు' అన్న మాటలో అహ్వాహ్నీచీలు లేరు. వాళ్లు తమ లోయలోనే హోటళ్లలో పనిమనుషులుగా, యాత్రికులకు బుట్టలు అల్లి అమ్మేవాళ్లుగా బతికారు. లోయలో వాళ్లకు మిగిలిన ఆఖరి ఊరు ఇళ్లను 1969లో పార్కువాళ్లు నేలమట్టం చేశారు, మంటలార్పే సిబ్బంది శిక్షణలో భాగంగా తగలబెట్టి! 1851లో ఒకసారి, 1969లో ఇంకోసారి. వహోగా అనే ఆ ఊరి చోటులో మళ్లీ కట్టుకోవడానికి 2018లో పార్కుతో ఒప్పందం కుదిరింది.

వాట్కిన్స్ గురించి కూడా ఒక మాట చెప్పాలి, న్యాయం కదా. ఆయనేం ధనవంతుడు కాలేదు. అప్పుల కింద 1870లలో ఆయన నెగెటివ్‌లు వేరేవాడి చేతికి పోయాయి, ఆ వేరేవాడు తన పేరుతో ప్రింట్లు అమ్ముకున్నాడు. మళ్లీ మొదలుపెట్టి పోగేసుకున్నవి 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం, మంటల్లో కాలిపోయాయి. అప్పటికే చూపు పోయింది. 1916లో మానసిక వైద్యశాలలో చనిపోయాడు.

రెండో చోటు కొలరాడోలోని హోలీ క్రాస్ కొండ, పవిత్ర సిలువ కొండ. ఎత్తు 14,000 అడుగుల పైమాటే. ఆ కొండ ముఖం మీద నిలువుగా ఒక పెద్ద పగులు, అడ్డంగా ఇంకో పగులు ఉన్నాయి. చలికాలం మంచు పడి, ఎండాకాలంలో చుట్టూ కరిగిపోయినా ఆ పగుళ్లలో మిగులుతుంది. దూరం నుంచి చూస్తే నల్లటి కొండ మీద తెల్లటి సిలువ. నిలువు గీత వెయ్యి అడుగులు దాటి ఉంటుంది.

1873లో హేడెన్ సర్వే అనే ప్రభుత్వ బృందం కొలరాడో కొలతలు మొదలుపెట్టింది. ఖనిజాలు ఎక్కడ, సాగు నేల ఎక్కడ, రైలు దారి ఎక్కడ పడుతుంది, ఇవీ వాళ్ల పనులు. ఆ బృందంలో ఫోటోగ్రాఫర్ విలియం హెన్రీ జాక్సన్. ఆ సిలువ గురించి కథలు వినడమే గానీ ఫోటో ఎవరూ తీయలేదు. ఆగస్టు 23న జాక్సన్ ఎదురుగా ఉన్న నాచ్ కొండ ఎక్కాడు. పొగమంచు కప్పేసి ఉంది. కాసేపటికి మంచు తెర విడిపోయి సిలువ కనిపించింది. సామాను ఇంకా పైకి రాలేదు, వెలుతురు పోయింది. రాత్రంతా తిండి లేక, కప్పుకోవడానికి లేక కొండ మీదే మంట వేసుకుని గడిపారు. తెల్లారి పలకలు కడగడానికి నీళ్లు లేవు, మంచు కరిగేదాకా ఆగి ఆ నీళ్లతో కడిగాడు. అట్లా వచ్చింది ఆ ఫోటో.

ఇంక దాని ప్రయాణం చూడండి. ఇంటింటికీ చేరింది. థామస్ మోరాన్ అనే చిత్రకారుడు మరుసటేడు ఆ కొండ దగ్గరికి పోయి, 1875లో పెద్ద రంగుల చిత్రం గీశాడు. సిలువకు ఎదురుగా జలపాతం ఒకటి పెట్టాడు, ఆ చోటు నుంచి చూస్తే అలాంటిది లేదు. 1876లో దేశానికి వందేళ్లు నిండిన సంబరాల్లో ఫిలడెల్ఫియాలో ఆ చిత్రాన్ని ప్రదర్శించారు. లాంగ్‌ఫెలో అనే పెద్ద కవి భార్య 1861లో మంటలంటుకుని చనిపోయింది. ఆయన పద్దెనిమిదేళ్ల తర్వాత, 1879లో, ఈ మంచు సిలువ బొమ్మను తలచుకుని ఆమె మీద కవిత రాసి, అచ్చు వేయకుండా దాచుకున్నాడు. ఆయన చనిపోయాకే బయటికొచ్చింది. 1928 నుంచి ఆ కొండకు యాత్రలు మొదలయ్యాయి. వందలు, వేలల్లో జనం వెళ్లేవారు. రాలేని రోగులు చేతిరుమాళ్లు పంపేవారు, కొండ దగ్గర ప్రార్థన చేసి తిరిగి పంపించమని.

ఈ చేతిరుమాళ్ల సంగతి చదివి మాలో ఒకడు నవ్వాడు. ఇంకొకడు వాణ్ణి ఆపాడు. మీ అమ్మ జాతరలో ముడుపు కట్టలేదా, నువ్వు పదో తరగతి పాస్ కావాలని? నిజమే. రాయిలో, మంచులో దేవుణ్ణి చూడటం మనకు కొత్త కాదు, అందులో తప్పు పట్టడానికి మనం తగం. నాగోబా పుట్టలో, జంగుబాయి గుహలో, మేడారం చిలుకలగుట్టలో మనం చూసేది కూడా అదే. భార్యను పోగొట్టుకున్న ఆ ముసలాయన దుఃఖం నిజం. చేతిరుమాలు పంపినవాళ్ల ఆశ నిజం.

అయితే ఆ సిలువను ఇంకో రకంగా చదివినవాళ్లు కూడా ఉన్నారు. ఆ కాలంలో అమెరికాలో ఒక నమ్మకం గట్టిగా నడిచేది. తూర్పు సముద్రం నుంచి పడమటి సముద్రం దాకా ఉన్న నేలంతా దేవుడు తమకే రాసిపెట్టాడని. అలా నమ్మే మనిషికి పడమటి కొండల మధ్యలో, ఎవరూ చెక్కకుండా, తెల్లటి సిలువ కనిపిస్తే ఏమనుకుంటాడు? ఇది పట్టా కాగితం మీద దేవుడి ముద్ర అనుకుంటాడు.

ఆ కొండలు యూట్‌ల నేల. 1868 ఒప్పందంలో కొలరాడో పడమటి భాగాన్ని వాళ్లకు రిజర్వేషన్‌గా ఇస్తూ తూర్పు హద్దు గీశారు. హోలీ క్రాస్ కొండ ఆ హద్దుకు బయట, తూర్పున పడింది. జాక్సన్ ఫోటో తీసింది 1873 ఆగస్టు 24న. మూడు వారాలు కూడా కాకముందే, సెప్టెంబరులో, బ్రూనో ఒప్పందం జరిగింది. ఆ రిజర్వేషన్‌లోంచే సాన్ హువాన్ కొండలు, దాదాపు 40 లక్షల ఎకరాలు, గనుల కోసం రాయించుకున్నారు. 1879లో ఒక ఏజెంటు యూట్‌ల గుర్రప్పందేల మైదానాన్ని దున్నించబోయాడు. గొడవ ముదిరి ఆ ఏజెంటును, ఇంకొంతమందిని చంపారు. యూట్‌లు పోవాల్సిందే అన్న కేక రాష్ట్రమంతా లేచింది. 1881లో వైట్ రివర్, అన్‌కంపాగ్రే యూట్‌లను సైన్యం కాపలాతో యూటా వైపు తరిమారు. లాంగ్‌ఫెలో కవిత రాసిన ఏడు, ఆ కేక లేచిన ఏడు ఒకటే.

ఇంకా ఒకటి. ఆ సిలువ కుడి చెయ్యి కొండ మీద సరిగ్గా ఉండేది కాదు. ప్రింట్లలో దాన్ని దిద్ది స్పష్టం చేశారని ఫోటో చరిత్ర రాసేవాళ్లు గుర్తించారు. 1929లో ఆ కొండను జాతీయ స్మారకంగా ప్రకటించారు. రాళ్లు జారి కుడి చెయ్యి ఇంకా చెదిరిపోయింది, యాత్రికులు తగ్గారు, 1950లో ఆ హోదా తీసేశారు.

మూడో చోటు గురించి కొంచెం తొందరగా చెప్తాం, ఎందుకంటే కథ మీలో చాలామందికి తెలుసు. బ్లాక్ హిల్స్. లకోటాల మాటలో పహా సాపా. 1868 ఫోర్ట్ లారమీ ఒప్పందంలో ఆ కొండలు లకోటాలవే అని రాసిచ్చారు. 1874 వేసవిలో కస్టర్ వెయ్యి మందితో, వందకు పైగా బండ్లతో అక్కడికి దిగాడు. వెంట విలేకర్లు, ఫోటోగ్రాఫర్ ఇల్లింగ్‌వర్త్. ఒక లోయకు కస్టర్ పూలలోయ అని పేరు పెట్టాడు, సైనికులు గుర్రాలకు పూలు కట్టుకున్నారు. ఇల్లింగ్‌వర్త్ బొమ్మల్లో లోయ పొడుగునా బండ్ల వరుసలు వస్తుంటాయి. ఇక్కడ మనుషులున్నారు, కానీ ఎవరు? వచ్చేవాళ్లు. ఉండేవాళ్లు కాదు. ఏదెను తోటలోకి బండ్లు దిగుతున్నట్టే ఉంటుంది. బంగారం ఉందన్న వార్త పత్రికల్లో పడింది. రెండేళ్లలో గనులోళ్లతో నిండిపోయింది, యుద్ధం వచ్చింది, 1877లో చట్టం చేసి కొండలు తీసేసుకున్నారు. 1980లో అక్కడి సుప్రీంకోర్టు పరిహారం ఇవ్వాల్సిందేనంది, వడ్డీతో కలిపి పది కోట్ల డాలర్లు దాటింది. లకోటాలు ముట్టుకోలేదు. ఆ డబ్బు పెరిగి వంద కోట్ల డాలర్లు దాటినా ఇప్పటికీ ముట్టుకోలేదు. కొండ కావాలంటారు. అక్కడి ఎత్తైన శిఖరానికి, లకోటాలను చంపించిన హార్నీ అనే సైన్యాధికారి పేరు ఉండేది. 2016లో దాన్ని మార్చి, లకోటా పెద్ద బ్లాక్ ఎల్క్ పేరు పెట్టారు.

ఆదివాసులు కెమెరాను ఊరికే చూస్తూ ఊరుకున్నారనుకోకండి. 1874లో ఇదే జాక్సన్ లాస్ పినోస్ ఏజెన్సీలో యూట్‌ల ఫోటోలు తీయబోతే, పెద్ద ఊరే, ఆయన భార్య చిపీటా దిగారు గానీ, మిగతావాళ్లు చాలామంది అడ్డుపడ్డారు. క్రేజీ హార్స్‌ది అని నిర్ధారణ అయిన ఫోటో ఒక్కటి కూడా లేదు. హోపీలు తమ పాముల నృత్యం చూడటానికి కెమెరాలతో ఎగబడే జనంతో విసిగిపోయి, 20వ శతాబ్దం మొదట్లోనే ఫోటోలు వద్దన్నారు. ఇప్పటికీ హోపీ గ్రామాల్లో ఫోటో తీయనివ్వరు. పుస్తకాల్లో కొందరు దీన్ని కెమెరా ప్రాణం లాగేస్తుందన్న మూఢనమ్మకం అని తేల్చేస్తారు. పైన చెప్పిందంతా చదివాక మీరే చెప్పండి, వాళ్ల భయానికి కారణం మూఢత్వమా, అనుభవమా?

మన దగ్గరికి కెమెరా కొంచెం వేరేగా వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వానికి ఆదిలాబాద్ గోండుల గురించి తెలుసుకోవాల్సి వచ్చింది. అట్లా హైమన్‌డార్ఫ్ వచ్చాడు, మార్లవాయిలో ఉన్నాడు. ఆ దంపతుల సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. ఆయన తీసిన ఫోటోలు లండన్‌లో సోయాస్ అనే విద్యాసంస్థలో ఉన్నాయి. వాటిలో కొండ ఒక్కటే ఉండదు. దండారీ గుస్సాడీలుంటారు, పూజ దగ్గర కూర్చున్న పెద్దలుంటారు, పిల్లల్ని చంకనెత్తుకున్న ఆడవాళ్లుంటారు. ఆయనా సర్కారు పంపిన మనిషే, అది మర్చిపోవద్దు. కానీ ఆ ఫోటోలు చూసి ఇది ఖాళీ అడవి అని ఎవరూ అనలేరు.

ఖాళీ అడవి అనే మాట పాతబడిపోలేదు. పోడు పట్టాల దగ్గర మనందరం విన్నాం. మా గదిలో ఇద్దరి ఇళ్ల దరఖాస్తులు తిరిగొచ్చాయి, కారణం శాటిలైట్ బొమ్మలో సాగు కనిపించలేదని. పైనుంచి తీస్తే చెట్ల తలలే కనిపిస్తాయి, చెట్ల కింద జొన్న వేసిన ముసలోడు కనిపిస్తాడా? అందుకని ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. అటవీ హక్కుల చట్టం నిబంధనలకు 2012లో చేసిన సవరణలో స్పష్టంగా ఉంది: శాటిలైట్ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడుగా పనికొస్తుంది గానీ, వాటి స్థానంలో దాన్నే సాక్ష్యంగా తీసుకోకూడదు. ఇంకా 13వ నిబంధనలో సాక్ష్యాల జాబితా ఉంది. పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు కూడా అందులో ఉన్నాయి, పెద్దల వాంగ్మూలం కూడా ఉంది. అంటే మన పెన్ గద్దె, మన పూర్వీకుల రాళ్లు కాగితం మీద కూడా సాక్ష్యమే. గ్రామసభలో పటం గీసేటప్పుడు వాటిని పాత పేర్లతో రాయించండి. మన మాటలో ఏ పేరుందో అదే రాయించండి, రికార్డులో వాళ్లు మార్చి రాసుకున్న పేరు వెనక బ్రాకెట్లో పడనివ్వండి.

ఫోటో కూడా పెట్టాలా? ఇక్కడే మా గదిలో గొడవ. ఒకడంటాడు, పూజ జరుగుతుండగా మనుషులతో సహా తీసి పెట్టాలి, తేదీ ఉండాలి, లేకపోతే మనల్ని కూడా ఆ కొండల్లోంచి తుడిచినట్టే తుడిచేస్తారని. ఇంకొకడంటాడు, పెన్‌ను బయటికి తీసే ఘడియలో కెమెరా ఎత్తడానికి కటోడా ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా, హోపీలు చేసిందే రైటని. పోయిన జాతరలో తీసిన వీడియో ఒకటి వేరే పేరుతో, ఏదో సినిమా పాట కలిపి తిరుగుతోందని వాడి కోపం. మూడోవాడి మాట ఏంటంటే, గద్దెకు వెళ్లే దారి, చుట్టూ కూర్చున్న జనం, వండుతున్న వంటలు తీయొచ్చు, పెన్‌ను మాత్రం వదిలేయాలి. నాలుగోవాడు సెలవులకు ఇంటికి పోతున్నాడు. వాళ్ల గూడెం పటేల్‌ను, కటోడాను అడిగి వస్తానన్నాడు. మీ గూడేల్లో పెద్దలు ఏమంటున్నారో మీరూ అడిగి కింద రాయండి, ఏ ఊరి పెద్ద చెప్పారో కూడా రాయండి.

జోహార్.